అద్దె ఇంటి వంటగట్టు: పనితనం ఎక్కడుంది?

అద్దె పోర్షన్‌లో వంటగట్టు పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఒకరు దానిమీదే కొబ్బరికాయ కొడతారు, మరొకరు పొయ్యి మీది కుక్కర్‌ని నేరుగా దింపుతారు. 2022లో పల్నాడు జిల్లా కేంద్రమైన నరసరావుపేటలో అద్దెకివ్వడానికి పోర్షన్ కట్టేవారు ముందు చూసేది రాయి ధర. కానీ గట్టును నిలబెట్టేది పనివాడి చెయ్యి.

పల్నాడు సున్నపురాయి నేల. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు ఆ రాతిలో చెక్కినవే. ఉలికి లొంగే ఆ మెత్తదనం శిల్పికి వరం, వంటింటికి చేటు. మోస్ కొలతలో దాని కాఠిన్యం 3 మాత్రమే. కత్తి గీత పడుతుంది, నిమ్మరసం ఒలికితే నునుపు పోతుంది. కడప బండదీ అదే జాతి. అందుకే దాన్ని కింద అరలకు వాడి, పైన గ్రానైట్ పరుస్తారు. గ్రానైట్ కాఠిన్యం 6 దాటుతుంది, వంటింటి పులుపు దాన్నేమీ చేయదు. చీమకుర్తి గెలాక్సీ రాయి మెరుపు ముచ్చటైనదే అయినా అద్దె ఇంటికి మామూలు నల్లరాయి చాలు. లేతరంగు రాయి మాత్రం వద్దు, నూనె, పసుపు మరకలు ఎత్తి చూపుతుంది.

ఇక పనితనం సింకు దగ్గర బయటపడుతుంది. తొందర మేస్త్రీ కట్టర్‌తో నాలుగు గీతలు లాగి చతురస్రంగా కోసేస్తాడు. పగులు ఆ మూలల్లోనే మొదలవుతుంది. పని తెలిసినవాడు ముందు నాలుగు మూలల్లో గుండ్రంగా రంధ్రాలు వేసి, ఆ తర్వాతే వాటి మధ్య కోస్తాడు. సింకు ముందు మిగిలే సన్నపట్టీ గట్టు మొత్తంలో బలహీనమైన చోటు. దానికి అడుగున ఆసరా రాయి పెడతాడు.

అంచును పదునుగా వదలడు, గుండ్రంగా తిప్పి పాలిష్ పడతాడు. గిన్నె తగిలినా పెచ్చు లేవదు. అంచుకు కాస్త లోపలగా, అడుగుభాగంలో కట్టర్‌తో సన్నని గాడి తీస్తాడు. పైకి కనిపించని ఆ గాడి దగ్గరే నీటిచుక్క తెగి నేల మీద పడుతుంది, అరల తలుపుల్లోకి పాకదు. గోడవైపు అంచును ప్లాస్టరింగ్‌లోకి దూర్చి, వాలు సింకువైపు ఇస్తాడు.

కాబట్టి డబ్బు లెక్కపెట్టి ఇచ్చే ముందు గట్టు మీద చెంబుడు నీళ్లు పోయండి, అవి సింకు దారి పట్టాలి. అంచు కింద వేలు పెట్టి గాడి తడమండి. రెండూ కుదిరితే కూలి దగ్గర బేరమాడకండి.