లింకు తెగని పనితనం

కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో వెల్డింగ్ షాపులో ట్రాక్టర్ ట్రాలీ తయారవుతుంటే కాసేపు నిలబడి చూడండి. జాకీ లేపగానే తొట్టి వెనక్కి ఒరగాలంటే అది ఒక పిన్ను మీద తిరగాలి. ఆ పిన్ను మందం 40 మిల్లీమీటర్ల నుంచి 45కి పెంచారనుకోండి. బుష్ మారాలి, బ్రాకెట్ రంధ్రం మారాలి. రంధ్రం చుట్టూ మిగిలే ఇనుము చాలకపోతే బ్రాకెట్టే వెడల్పు కావాలి. మేస్త్రీ ఈ లెక్కంతా తలలోనే పెట్టుకుంటాడు. కంప్యూటర్ మీద యంత్రాలు డిజైన్ చేసేవాళ్లలో అసలైన పనిమంతుడు ఆ లెక్కను మోడల్లోనే నాటి వెళ్తాడు. పదేళ్ల తర్వాత ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి ఒక్క కొలత మార్చినా మిగతా పార్టులన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. క్యాడ్ అంటే రంగురంగుల బొమ్మలనుకునేవాళ్లకు ఈ విద్య గొప్పతనం తెలియదు.

దీని పుట్టుక పాతదే. ఇవాన్ సదర్లాండ్ 1963లో ఎంఐటీలో స్కెచ్‌ప్యాడ్ అనే గీతల ప్రోగ్రాం చేసినప్పుడే మూల చిత్రం ఒకటి, దాని ప్రతులు ఎన్నైనా అన్న ఆలోచన అందులో ఉంది. మూలాన్ని దిద్దితే ప్రతులన్నీ మారతాయి. లెనిన్‌గ్రాడ్ నుంచి అమెరికా చేరిన గణితవేత్త సామ్యూల్ గైస్‌బర్గ్ పెట్టిన సంస్థ 1988లో ప్రో-ఇంజనీర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి, కొలతల మధ్య చుట్టరికాన్నే డిజైన్‌కు ప్రాణంగా నిలబెట్టింది. బ్లాక్‌జాక్ పేకాటలో గెలిచిన డబ్బుతో జాన్ హిర్ష్‌టిక్ 1993లో కంపెనీ పెట్టి, రెండేళ్లకు అలాంటిదే అయిన సాలిడ్‌వర్క్స్‌ను మామూలు విండోస్ కంప్యూటర్ మీదికి దించాడు. చరిత్ర ఇంత చాలు, పనిలోకి వద్దాం.

పార్టులన్నీ జోడించిన ఫైలు, అంటే అసెంబ్లీ, తెరిచి ఉండగానే బ్రాకెట్‌ను ఎడిట్ చేస్తాం. మిగతా పార్టులు పారదర్శకంగా మారి వెనక్కి తగ్గుతాయి. పిన్ను అంచును పట్టుకుని దానికి కాస్త ఖాళీ కలిపి బ్రాకెట్‌లో రంధ్రం గీస్తాం. ఆ క్షణం నుంచి ఆ రంధ్రానికి సొంత అంకె లేదు, పిన్నుతో సంబంధమే దాని కొలత. సాలిడ్‌వర్క్స్‌లో పార్టు పేరు పక్కన చిన్న బాణం గుర్తు పడుతుంది. బాణం పక్కన ప్రశ్నార్థకం ఉంటే మూలం ఇప్పుడు అందుబాటులో లేదని, నక్షత్రం ఉంటే తాళం వేశారని, ఇంటూ గుర్తు ఉంటే లింకు తెంచేశారని అర్థం. పనిమంతుడు ఫైలు తెరవగానే ముందు ఈ గుర్తులను చదువుతాడు. నాడి చూడకుండా ఏ వైద్యుడూ మందు రాయడు కదా!

సులువుగా ఉంది కదా అని ఇష్టమొచ్చినట్టు లింకులు వేస్తే కొంప మునుగుతుంది. బ్రాకెట్ పిన్నును చూసి మారుతుంది, పిన్ను బుష్‌ను చూసి, బుష్ మళ్లీ బ్రాకెట్‌ను చూసి. వలయం పడిందంటే మోడల్‌ను మళ్లీ లెక్కగట్టించిన (రీబిల్డ్ చేసిన) ప్రతిసారీ కొలతలు జరుగుతూనే ఉంటాయి. అందుకే నేను స్కెలిటన్ పక్షం, దాచుకోను. ముఖ్యమైన అక్షాలు, తలాలు, హద్దులు మాత్రమే ఉన్న ఒక అస్థిపంజరం పార్టును ముందు గీయాలి. ప్రతి పార్టూ దానివైపే చూడాలి తప్ప పక్క పార్టుల వైపు తొంగిచూడకూడదు. పార్టులను ఒకదానికొకటి జతచేసే మేట్లు కూడా గుండ్రం చేసిన అంచులకు కాదు, తలాలకే కట్టాలి. రేపు ఆ గుండ్రనాన్ని ఎవరో తీసేస్తే మేట్ గాల్లో వేలాడుతుంది. ఇదంతా చాదస్తమనేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీనే.

ఈ విద్య ఎంత ఎత్తుకు పోగలదో చెప్పడానికి బోయింగ్ 777 చాలు. ఆ విమానాన్ని కాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పూర్తిగా తెరమీదే జోడించి చూసి, 1994 జూన్ 12న ఎగరేశారు. క్రమశిక్షణ తప్పితే ఏమవుతుందో ఎయిర్‌బస్ ఏ380 చెబుతుంది. హాంబర్గ్‌వాళ్లు కాటియా పాత వెర్షన్‌లో, తులూజ్‌వాళ్లు కొత్తదాంట్లో పనిచేశారు. ఒక్కో విమానంలో సుమారు 530 కిలోమీటర్ల వైర్లు. బిగించబోతే పొడవు చాలలేదు. 2006లో ఆ గొడవ బయటపడింది, విమానాలు దాదాపు రెండేళ్లు ఆలస్యమయ్యాయి. మహామహుల చేతుల్లోనే ఇట్లా జరిగింది.

మనవాళ్లు తక్కువేం కాదు. బి.వి.ఆర్. మోహన్ రెడ్డి 1991లో హైదరాబాద్‌లో పెట్టిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, నేటి సైయెంట్, ప్రపంచ స్థాయి సంస్థలకు ఇంజనీరింగ్ డిజైన్ చేసిపెడుతోంది. ఆదిభట్లలో తయారైన అపాచీ హెలికాప్టర్ మొండెం (ఫ్యూజలాజ్) 2018లో బోయింగ్‌కు చేరింది. కామారెడ్డి నుంచి అదంతా రెండు మూడు గంటల ప్రయాణం. అక్కడి ఉద్యోగాల కోసం కోచింగ్‌కు పోయిన మన పిల్లలకు ఏం నేర్పుతున్నారన్నదే నా బాధ.

కోచింగ్ సెంటర్లలో నేర్పేవి కమాండ్లు. ఏ బటన్ ఎక్కడుందో చెప్పి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ఇంటర్నెట్‌లో దొరికిన స్టెప్ ఫైలు దించుకుని, పేరు మార్చి, ప్రాజెక్టు అంటారు. ఆ ఫైల్లో ఆకారం ఉంటుంది కానీ అది ఎట్లా పుట్టిందో చెప్పే చరిత్ర ఉండదు. కొలత మార్చబోతే మార్చడానికి అక్కడ కొలతే లేదు! అసెంబ్లీలో తప్పు చూపే ఎర్ర గుర్తు వచ్చిందా, ఎందుకొచ్చిందని చూడరు. లింకులన్నీ తెంచేసి, పార్టులన్నీ ఫిక్స్ చేసి, పని అయిపోయిందంటారు. ఫోల్డర్‌లో ఫైలు పేరు నేరుగా మార్చేస్తే అసెంబ్లీ దాన్ని వెతుక్కోలేదన్న మొదటి పాఠం కూడా చాలామందికి చెప్పేవాళ్లు లేరు. ఇది నకిలీ పని. తెరమీద అసలుదానిలాగే మెరుస్తుంది కాబట్టి కంపెనీలో చేరి మొదటి మార్పు అడిగేదాకా బయటపడదు. అప్పుడు తలదించుకోవాల్సింది ఆ పిల్లవాడు, నేర్పినవాళ్లు కాదు. ఇది అన్యాయం.

సాఫ్ట్‌వేర్ ఖరీదన్న సాకు ఇక చెల్లదు. ఫ్రీక్యాడ్ ఉచితం. 2021లో వచ్చిన 0.19 వెర్షన్‌తో లింకు పార్టుల సౌకర్యం అందులో చేరింది. 2024 నవంబరు నాటి 1.0తో అసెంబ్లీ కూడా లోపలికే వచ్చింది. మన పాలిటెక్నిక్, ఐటీఐ మాస్టార్లకు నా మనవి ఒక్కటే. పిల్లలను పొలానికి పంపి దమ్ము చేసే కేజ్ వీలును టేపుతో కొలవమనండి, స్కెలిటన్ మీద కట్టమనండి. వైవా రోజున బొమ్మ చూసి మార్కులు వేయకండి. రిమ్ము వ్యాసం పెంచండి, అడ్డపట్టీల సంఖ్య మార్చండి, రీబిల్డ్ నొక్కండి. ఎర్ర గుర్తు ఒక్కటీ రాకపోతే ఆ పిల్లకు, ఆ పిల్లవాడికి పూర్తి మార్కులు వేయండి.