మెరుగా? మరుగా?

కారు రంగును వాటర్ పేపరుతో తడిగా రుద్దిన తరువాత మిగులు సుడిగీతలను గూర్చి మూడు మాటలు వినవచ్చుచుండును. మొదటిది: అవి యంత్రము గిరగిర తిరుగుటవలన పడిన వలయములు. రెండవది: పాలిష్ చేసినచో పైపూత కరగి గీతలను పూడ్చును. మూడవది: మెరుపు వచ్చినదనగా గీత పోయినట్లే. ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వరకు రహదారి వెంబడి షెడ్లలో చెల్లుచున్న యీ మాటలను భౌతికశాస్త్రపు గీటురాతిపై పరీక్షింతము.

ఎండలో నల్లని కారుపై సూర్యబింబము చుట్టు సాలెగూడు వంటి వలయములు కనిపించుట నిజమే. కాని రాత్రివేళ ఒక్క దీపమును పట్టుకొని జరిపి చూడుడు. వలయముల కేంద్రము కూడ దీపపు ప్రతిబింబముతో జరుగును. పూతపై చెక్కిన వలయములైనచో అట్లు జరుగరాదు గదా! నిజమునకు సన్నని గీతలు అన్ని దిక్కులకును పడియున్నవి. వానిలో ప్రతిబింబము చుట్టు అడ్డముగా నమరినవి మాత్రమే కాంతిని మన కంటికి పంపును. తక్కినవి వేరొక వైపునకు పంపును. బాగుగా తోమి వాడిన స్టీలు మూతతో ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. యంత్రపు దోషము లేనే లేదనుట కాదు. మురికిపట్టిన ప్యాడు కూడ గీతలు గీయును. కాని వలయాకారమును మాత్రమే చూచి యంత్రమును నిందించుట తొందరపాటు.

నిందింపదగినది పలుమార్లు బకెట్టులోని నీరే. బుడమేరు, తమ్మిలేరు వంటి యేరులు కొల్లేటికి తెచ్చు వరదనీటిలో ఒండ్రు కలదు. ఒండ్రు రేణువు 60 మైక్రానుల వరకు ఉండవచ్చును. పి 2000 వాటర్ పేపరుపై నుండు రాపిడి రేణువు సగటున 10 మైక్రానులే. అట్టి నీటిలో ముంచినపుడు ఎంత సన్నని కాగితము వాడిన నేమి ప్రయోజనము? తప్పి వచ్చిన ఒక్క ఇసుక రేణువు పని యంతయు చెరచును.

రెండవ మాటకు పెద్ద చరిత్ర యున్నది. గాజును మెరుగుపెట్టుట యనగా గీతలను కంటికానని సన్నని గీతలుగా మార్చుటయేనని న్యూటను 1704లో వెలువరించిన 'ఆప్టిక్స్'లో తలచెను. బీల్బీ 1921 నాటి తన గ్రంథములో, మెరుగుపెట్టునపుడు పైపొర ద్రవమువలె ప్రవహించి గుంటలను కప్పునని వాదించెను. 1937లో బౌడెను, హ్యూసు అనువారలు రాపిడి వేడికి పైపొర కరగునని ప్రయోగములతో సమర్థించిరి. 1950ల నుండి శామ్యూల్సు మొదలగు లోహశాస్త్రజ్ఞులు, లోహములలో సైతము జరుగునది ప్రధానముగా సన్నని కోతయేనని చూపిరి. ఇక నేటి కారు క్లియర్ కోటు అణువులు వలవలె అల్లుకొనిన ప్లాస్టిక్కు. అది వేడికి మెత్తబడును, మితిమీరినచో మాడును. మైనమువలె కరగి పారదు. కావున గీత పూడదు. గీత అడుగు వరకు చుట్టునున్న పూతను దించుట యొక్కటే మార్గము.

మూడవ మాట యన్నిటికన్న ప్రమాదకరము. పూత వక్రీభవన గుణకము సుమారు 1.5. గాలికిని దానికిని నడుమ నూటికి 4 వంతుల కాంతి పరావర్తనము చెందును. గీతలో 1.47 గుణకముగల నూనె నిండినచో, నూనెకు పూతకు నడుమ పరావర్తనము పదివేలకు ఒక్క వంతు మాత్రమే. గీత అక్కడనే యుండియు కనబడదు! గరుకు గాజుపై నీటిబొట్టు వేసినచో అచ్చోట గాజు పారదర్శకమగుట ఇట్టిదే. పాలిషులోని నూనెలు, మైనములు చేయు పని యిది. ఇది మెరుగు కాదు, మరుగు. నాలుగు కడుగులతో నూనె పోవును, గీత తిరిగి వచ్చును.

దీనివలన నష్టమేమి? క్లియర్ కోటు సాధారణముగా 40 నుండి 50 మైక్రానులు; మామూలు కాగితపు మందములో సగము. ఎండలోని అతినీలలోహిత కిరణములను అడ్డు పదార్థములు అందులోనే యున్నవి. గీత పోయినదని నమ్మిన కారు యజమాని దసరాకు దసరాకు మరల రుద్దించును. రుద్దిన ప్రతిసారి కొంత పూత పోవును, తిరిగి రాదు. చివరకు పొర పొట్టువలె లేచును; అప్పుడు క్రొత్త రంగుకు వేలు ఖర్చుపెట్టక తప్పదు.

సరియైన పద్ధతి కష్టమైనది కాదు. శుభ్రమైన నీరు వాడవలెను. పి 2000 తరువాత పి 3000, ఆపైన కాంపౌండు, చివర సన్నని పాలిష్, ఈ క్రమము తప్పరాదు. ఒక్కొక్క మెట్టుకు రుద్దు దిక్కును అడ్డముగా మార్చినచో, ముందటి గీతలు పోయినవో లేదో తెలియును. మెట్టుమెట్టుకు కడిగి, ప్యాడు మార్చవలెను. తుదకు నీరు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో నూనెను తుడిచి, ఒక్క దీపము క్రింద చూడవలెను. ఆ పరీక్షకు నిలిచినదే మెరుగు.

పాఠ్యపుస్తకములు నునుపు తలమున క్రమ పరావర్తనము, గరుకు తలమున అక్రమ పరావర్తనము అని చెప్పి ఊరకుండును. నునుపు దేనితో పోల్చి? కాంతి తరంగదైర్ఘ్యముతో: అది 0.4 నుండి 0.7 మైక్రాను. ఈ యొక్క సంఖ్యను చెప్పిన ఉపాధ్యాయుడు, రేపు షెడ్డులో పనిచేయబోవు విద్యార్థికి ఒక పనిముట్టు నిచ్చినవాడగును.