బాతు అడ్డొచ్చిన ఓడ

ఈ వారం నాకు ఒళ్లు మండించింది ఒక ప్లాస్టిక్ స్టీరింగు. మా కింది వాటాలో ఉండే అమ్మాయి కారు నేర్చుకుంటానని డ్రైవింగ్ స్కూల్లో చేరింది. వాళ్లు ఆ పిల్లను వారం పాటు టీవీ ముందు కూర్చోబెట్టి బొమ్మ రోడ్డు మీద బొమ్మ కారు తిప్పించారు. ఫీజు మాత్రం పెట్రోలు పోసి నేర్పినంత పుచ్చుకున్నారు. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా గోల కొత్త కాదు. ఫోన్లో ఈత నేర్పే మహానుభావుడి మీద రాసినందుకు పడ్డ అక్షింతలు ఇంకా తల మీదే ఉన్నాయి. నకలు చూసి అసలు రాదన్నది నా పాత పాట.

సాయంత్రం బీచి రోడ్డులో కెప్టెన్ గారు కనిపిస్తే ఆ పాటే ఎత్తుకున్నాను. ఆయన జీవితమంతా విదేశీ కంపెనీ ట్యాంకర్లు నడిపి విశాఖలో స్థిరపడ్డారు. మొత్తం విని, వేరుశెనక్కాయ పొట్టు ఊదుకుంటూ, "మాస్టారూ, యాభై దాటాక నన్ను కూడా బొమ్మ ఓడలో కూర్చోబెట్టే నేర్పారండీ. అదీ చెరువులో!" అన్నారు.

ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌కు కొంత దూరంలో, చెట్ల మధ్య, పోర్ట్ రెవెల్ అనే శిక్షణ కేంద్రం ఉంది. 1967 నుంచి నడుస్తోంది. సముద్రం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఉన్నది అయిదు హెక్టార్ల చెరువు, అందులో అసలు ఓడల్లో 25వ వంతు ఉండే ఓడలు. గాజు పెట్టెలో పెట్టుకునే రకం కాదు. మూడొందల మీటర్ల ట్యాంకరుంటే దాని నమూనా పన్నెండు మీటర్లు. అందులో ఇద్దరు ఒకరి వెనక ఒకరు, నడుం దాకా ఓడలోకి దిగి కూర్చుంటారు. అసలు ఓడలో బ్రిడ్జి మీద నిలబడ్డ మనిషి కన్ను నీటికి ఎంత ఎత్తులో ఉంటుందో, ఇక్కడా ఆ లెక్కకు సరిపోయే ఎత్తులోనే ఉండేలా సీటు అమరుస్తారు. ఒకరు చుక్కాని పడతారు, ఒకరు ఆర్డరు వేస్తారు. బ్యాటరీతో మోటారు తిరుగుతుంది. "మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలండీ. చెయ్యి చాపితే నీళ్లు తగుల్తాయి. మొదటి పూట నవ్వొచ్చింది. రెండో పూట రాలేదు" అన్నారు.

ఎందుకు రాలేదో తెలియాలంటే విలియం ఫ్రూడ్ దగ్గరికి వెళ్లాలి. రైల్వే ఇంజనీరుగా బతుకు మొదలుపెట్టి ఓడల్లో పడ్డ ఈ ఇంగ్లీషాయన 1870ల మొదట్లో టార్కీలో తొట్టి కట్టించి, అందులో చిన్న ఓడలను లాగించి పెద్ద ఓడల లెక్క తేల్చాడు. మన ఊళ్లోనే నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ వాళ్లకు అయిదొందల మీటర్ల పొడవున్న అలాంటి తొట్టి ఉంది. ఆ తొట్టెల్లో తేలే నమూనాల్లో మనిషి ఉండడు. మనిషి కూర్చుంటే మాత్రం ఫ్రూడ్ లెక్క నెత్తి మీద పడుతుంది. పొడవు 25 రెట్లు తగ్గితే వేగం 25 రెట్లు తగ్గదు, దాని వర్గమూలమంత, అంటే అయిదు రెట్లు తగ్గుతుంది. పన్నెండు నాట్ల ఓడ చెరువులో మనిషి నడకంత వేగంతో పోతుంది. దూరమేమో 25 రెట్లు దగ్గరైంది కాబట్టి అన్నీ అయిదు రెట్లు త్వరగా మీద పడతాయి. పావుగంటలో ఆగే ట్యాంకరు మూడు నిమిషాల్లో ఆగాలి. ఆలోచించి చెప్పాల్సిన ఆర్డరు ఆలోచన పూర్తికాకుండానే నోట్లోంచి రావాలి.

తగ్గనివి కొన్ని ఉంటాయి. గాలి తగ్గదు. గంటకు పది కిలోమీటర్ల పిల్లగాలి ఆ ఓడకు యాభై కిలోమీటర్ల ఈదురుగాలి. బరువు ఘనం లెక్కన తగ్గి రెండు లక్షల టన్నుల ఓడ పదమూడు టన్నులకు దిగుతుంది. కెప్టెన్ గారు మాత్రం అప్పుడూ ఎనభై కిలోలే. ఆ లెక్కన అసలు ఓడలో ఆయన 1250 టన్నుల మనిషి, ఒక పక్కకు ఒరిగితే సరుకు ఒరిగినట్టే. ఓసారి మలుపులో ఉండగా బాతు అడ్డొచ్చిందట. "బాతేనండీ. నా కంటికి మాత్రం బస్సంత పడవ! గబుక్కున ఎడమకు కొట్టించాను."

ఆ చెరువులో సూయజ్ కాలువ ముక్కొకటి కూడా ఉంది, అదే కొలతలో. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ అడ్డం తిరిగి ఆరు రోజులు కాలువను మూసేసినప్పుడు అందులో ఉన్న పాతికమంది సిబ్బందీ మనవాళ్లే కాబట్టి, కాలువలో ఓడకు ఏమవుతుందో మనకు కాస్త పట్టింపు ఉండాలి. ఓడ గట్టుకు దగ్గరగా పోతే గట్టుకూ ఓడకూ మధ్య ఇరుకైన నీళ్లు జోరందుకుంటాయి, అక్కడ ఒత్తిడి పడిపోతుంది, ఓడ వెనక భాగం గట్టువైపు లాక్కుపోతుంది, ముందు భాగం ఎదుటి గట్టుకు తిరుగుతుంది. లోతు తక్కువైతే ఓడ ఇంకాస్త కిందికి కూర్చుంటుంది. మన డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి ఇన్నర్ హార్బరులోకి ఓడను తెచ్చే పైలట్‌ను అడిగినా ఇదే చెబుతాడు. కంప్యూటరు తెర మీద ఇది జరగాలంటే ఎవరో ఒకరు సమీకరణం రాసిపెట్టాలి. చెరువులో ఎవరూ ఏమీ రాయక్కర్లేదు, నీళ్లే చూసుకుంటాయి.

నేను ఎగిరి గంతేశాను. చూశారా, తెర వేరు, నీళ్లు వేరు! కాలమ్ అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. బొమ్మ ఓడల్లో మనుషులనగానే నాకు ఇంగ్లండులో స్కార్‌బరో గుర్తొచ్చింది. అక్కడ పీజ్‌హోమ్ పార్కు చెరువులో 1927 నుంచి వేసవిలో నౌకాయుద్ధం వేస్తున్నారు. ఇరవై అడుగుల యుద్ధనౌకలు, లోపల మున్సిపాలిటీ ఉద్యోగులు. మొదట్లో అన్నీ కాళ్లతో తొక్కినవే, తరువాత కొన్నింటికి మోటార్లొచ్చాయి. ఫిరంగులు పేలతాయి, తీగ మీద విమానాలు జారుకుంటూ వస్తాయి, ఒడ్డున కుర్చీల్లో జనం చప్పట్లు కొడతారు. రెండో ప్రపంచయుద్ధం తరువాత వాళ్లు ఆడిన కథ 1939 డిసెంబరు నాటి రివర్ ప్లేట్ యుద్ధం: ఒకవైపు ఎజాక్స్, అకిలీస్, ఎక్సెటర్, ఎదురుగా జర్మనీ వాళ్ల అడ్మిరల్ గ్రాఫ్ స్పీ.

ఈ అకిలీస్ దగ్గర నేను ఆగిపోతాను, ఎప్పుడూ. ఎందుకంటే ఆ ఓడ 1948లో మన నేవీకొచ్చి, తరువాత ఐఎన్ఎస్ దిల్లీ అయింది. 1950లో నెహ్రూ ఇండోనేషియా వెళ్లింది ఆ ఓడలోనే. 1956లో రివర్ ప్లేట్ యుద్ధం మీద సినిమా వచ్చినప్పుడు అందులో అకిలీస్ వేషం వేసింది కూడా అదే. మన నేవీ ఓడ తన పాత పేరుతో తన పాత్రే తాను వేసుకుంది! అక్కడ చెరువులో ఎవరో ఉద్యోగి చెమటలు కక్కుతూ అకిలీస్‌ను తొక్కుతుంటే, ఇక్కడ అసలు అకిలీస్ మూడు రంగుల జెండాతో హిందూ మహాసముద్రంలో తిరుగుతోంది. 1978లో దాన్ని విరమింపజేసి, ఫిరంగుల గూడొకటి న్యూజీలాండుకు కానుకగా పంపారు. యుద్ధం నాడు అందులో ఉన్నది ఎక్కువగా వాళ్ల నావికులే మరి. ఒక్క ఓడకు ఇన్ని వేషాలు దొరికితే మన సురభి నాటకాల వాళ్లు కూడా అసూయపడతారు.

ఇదంతా చెప్పి, "పీజ్‌హోమ్‌ది తమాషా, మీది చదువు. తేడా అదే, కొలత నిక్కచ్చిగా ఉండటం" అన్నాను. కెప్టెన్ గారు తల అడ్డంగా ఊపారు.

"కొలత గురించి కాదండీ. ఆ చెరువులో నేను ఓడను గట్టుకెక్కించాను. కావాలనే. ఎంత దగ్గరకెళ్తే లాగుతుందో చూడమన్నారు, చూశాను. ఇంజను ఆపేసి చూశాను. చుక్కాని ఇరుక్కుపోయిందనుకుని చూశాను. సముద్రంలో అన్నేళ్లున్నా వాటిలో ఒక్కటీ నేను చేయలేదు. చేస్తే మీకివాళ కనపడేవాణ్ని కాదు."

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. అసలు ఓడ అన్నిటికంటే పిసినారి గురువు. దానికి ఏం చేస్తే కోపమొస్తుందో తెలుసుకునే వీలే ఇవ్వదు. రెండు లక్షల టన్నుల క్రూడాయిలు వెనకేసుకుని, ఏమవుతుందో చూద్దామని ఎవడూ గట్టు దగ్గరకు పోడు. జాగ్రత్తగా నడిపి, జాగ్రత్తగా రిటైరై, గట్టు లాగుడంటే ఏమిటో పుస్తకంలో తప్ప ఎరగని కెప్టెన్లు ఉంటారు. మరి అసలే నేర్పాలని ఇన్నేళ్లుగా నేను వేస్తున్న కేకలు ఏమైనట్టు?

మర్నాడు కింది వాటా అమ్మాయిని మెట్ల మీద ఆపి అడిగాను: ఆ టీవీ కారుతో ఎవరినైనా గుద్దావా అని. "లేదంకుల్, గుద్దబోతుంటే సార్ పక్కనుంచి చెయ్యి పెట్టి ఆపేసేవారు" అంది. వారం రోజులు, ఒక్క ప్రమాదం లేదు! బొమ్మ బర్రె బొమ్మ రోడ్డు దాటుతుంటే కూడా ఆ మనిషికి ప్రాణం మీదికొచ్చింది. నా కోపం పోలేదు, తెర మీద నుంచి దిగి ఆ సారు మీద కూర్చుంది. పిల్లను గుద్దనిచ్చి, బ్రేకు ఎన్ని గజాల ముందు తొక్కాల్సిందో చూపించి ఉంటే ఆ ఫీజు నేనే కట్టేవాణ్ని.

నీళ్లే గొప్పవి, తెర దండగ అని గంతేసిన మాట కూడా ఈ లెక్కన వెనక్కి తీసుకోవాలి. పోర్ట్ రెవెల్లో నీళ్లున్నందుకు గట్టు లాగుడు నిక్కచ్చిగా తెలిసింది, నిజమే. కానీ కెప్టెన్ గారికి ఒంటబట్టింది మాత్రం గట్టెక్కించినా ఉద్యోగం పోదన్న భరోసా. ఆ భరోసా తెర ముందూ ఇవ్వొచ్చు. ఇవ్వని చెరువులో ఎన్ని నీళ్లున్నా అది విహారమే.

పీజ్‌హోమ్‌లో యుద్ధం ఎవరు గెలుస్తారో టికెట్ కొనకముందే అందరికీ తెలుసు. అక్కడ తప్పు చేయడానికి కూడా వీల్లేదు, స్క్రిప్టు ఒప్పుకోదు. అయినా కెప్టెన్ గారికి ఆ ఉద్యోగం మీద మనసు పడింది. ఏ ఓడ తొక్కుతారండీ, మన అకిలీసా అని అడిగాను.

"గ్రాఫ్ స్పీ అండీ," అన్నారు తడుముకోకుండా. "ఓడిపోయినందుకు ఎంక్వైరీ ఉండదు కదా."