డ్రాప్ 20, ఫుల్ కౌంట్ 80

రమ్మీ గురించి మనకు రెండు రకాల రాతలే ఉన్నాయి. పేకాట కొంపలార్పుతుందని చెప్పేవి ఒక రకం. అది బుర్రకు పదును పెట్టే ఆట అని చెప్పేవి ఇంకో రకం. మొదటివి పేపర్లో జిల్లా పేజీలో వస్తాయి. రెండోవి మొన్నమొన్నటి దాకా ఫోన్లో ప్రకటనలుగా వచ్చేవి. ఈ రెండిట్లో దేన్ని చదివినా ఆట లోపల ఏం జరుగుతుందో మాత్రం తెలీదు. ఒక నవలను చదవకుండానే మంచిదనో చెడ్డదనో తేల్చేస్తే మనం ఒప్పుకోం కదా. అందుకే రమ్మీ నియమాలను ఒక రచనను చదివినట్టు చదవాలనిపించింది. పక్కన ఇంకో రచన కూడా పెట్టుకున్నాను. అది ఈ ఆట మీద సుప్రీంకోర్టు రాసిన చిన్న తీర్పు. అందరూ దాని పేరు చెప్తారు, పూర్తిగా చదివినవాళ్ళు మాత్రం తక్కువ.

ముందు ఫార్మాట్ అనే మాట సంగతి చూద్దాం. మేజిక్: ద గేదరింగ్ ఆడేవాళ్ళకు ఇది రోజూ వాడే మాటే. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితం చదువుకున్నాయన తయారుచేసిన ఆట అది. ఎవరి పేక కట్ట వాళ్ళే కొనుక్కున్న ముక్కలతో కట్టుకుని వస్తారు. కట్టలో కనీసం 60 ముక్కలుండాలి, మామూలు భూమి ముక్కలు తప్ప ఒకే ముక్క నాలుగుకు మించకూడదు. ఏ ఏడాది ముక్కలు చెల్లుతాయి, ఏవి చెల్లవు అని చెప్పే చట్రాన్నే ఫార్మాట్ అంటారు. 2004లో స్కల్‌క్లాంప్ అనే ముక్క వచ్చింది. చూడ్డానికి చౌకబారు ఆయుధం. దాన్ని తగిలించుకున్న జీవి చచ్చిపోతే రెండు కొత్త ముక్కలు చేతికొస్తాయి. కొన్ని నెలల్లోనే పోటీల్లో దాన్ని పెట్టుకున్న కట్టలు, దాన్ని ఎదుర్కోవడానికి కట్టుకున్న కట్టలు తప్ప ఇంకేం మిగల్లేదు. ఆ ఏడాదే కంపెనీ దాన్ని స్టాండర్డ్ ఫార్మాట్‌లో నిషేధించింది. ఆ ముక్కతో బాగా ఆడటానికి నైపుణ్యం కావాలా అంటే కావాలి. అయినా నిషేధించారు. ఎందుకంటే వాళ్ళు వేసుకున్న ప్రశ్న నైపుణ్యం గురించి కాదు, ఈ చట్రంలో ఆట ఇంకా ఆటగా మిగిలుందా అని.

ఇప్పుడు రమ్మీకి వద్దాం. ఇక్కడ కట్ట అందరిదీ. రెండు పేకలు కలిపి తలా 13 ముక్కలు పంచుతారు. కట్టుకోవడమంతా చేతిలోనే జరగాలి. కనీసం రెండు వరసలుండాలి, అందులో ఒకటి జోకర్ లేని అసలు వరస. మా వైపు దాన్ని లైఫ్ అంటారు. లైఫ్ లేకపోతే చేతిలో మిగతా ముక్కలన్నీ ఎంత అందంగా కలిసినా లెక్కలోకి రావు.

ఏ ముక్క ఎన్ని వరసల్లో ఇముడుతుందో లెక్కేసి చూడండి. ఏడును తీసుకుంటే 5-6-7, 6-7-8, 7-8-9 అని మూడు చోట్ల చోటుంది. మూడు నుంచి రాణి దాకా అన్నిటికీ అంతే. ఆసుకు, రెండుకు, రాజుకు మాత్రం రెండేసి చోట్లే. రెండు చేతిలో మిగిలిపోయినా రెండు పాయింట్లే కదా అనుకోవచ్చు. ఆసు, రాజు మిగిలితే మాత్రం పదేసి. అంటే కలిసే అవకాశం తక్కువ, మిగిలితే శిక్ష ఎక్కువ. రాజు బొమ్మ చూసి ముచ్చటపడి దాచుకునేవాడిని ఆట మొదటి పాఠంలోనే శిక్షిస్తుంది. కిరీటం పెట్టుకున్నవాడే ఎవరితోనూ కలవలేడు. ఎవరు ఉద్దేశించి పెట్టారో తెలీదు గానీ, ఈ ఆటలో నాకు చాలా ఇష్టమైన వ్యంగ్యం ఇదే.

రెండో పాఠం ఎదుటివాణ్ణి చదవడం. పడిన ముక్కల్లోంచి ఒకటి ఎత్తితే నీ చేతిలో ఏముందో బల్లకంతా చెప్పినట్టే. ఆఠీను తొమ్మిది కావాలనుకున్నవాడు ముందు ఇస్పేటు తొమ్మిదిని ఎరగా కొడతాడు. మాకు పక్కనే ఉన్న విజయనగరం గురజాడది. కన్యాశుల్కంలో మధురవాణి ఇంట్లో పేకాట సాగుతుంది. అక్కడ ఎవరి చేతిలో ఏ ముక్కుందన్న దానికంటే ఎవరి మనసులో ఏముందన్నదే అసలు ఆట. మంచి రమ్మీ బల్ల కూడా అలాంటిదే.

అయితే ఈ రెండు పాఠాలూ ఏ ఫార్మాట్‌లో ఆడుతున్నామన్నదాన్ని బట్టి అర్థం మార్చుకుంటాయి. పాయింట్స్ రమ్మీలో ప్రతి పంపకం దేనికదే. మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40, మొత్తం మునిగితే 80. ఇద్దరి ఆటలో గెలిస్తే సగటున 30 వస్తాయి, ఓడితే 40 పోతాయి అనుకుందాం. అప్పుడు నూటికి 29 సార్లు గెలవగల చెయ్యి అయితే ఆడొచ్చు. అంతకన్నా తక్కువైతే డ్రాప్ అవడమే తెలివి. ఈ లెక్కకు నిన్న ఏమైందో, పక్కవాడి పరిస్థితేమిటో అక్కర్లేదు. దీనికి జ్ఞాపకం ఉండదు.

101 పూల్‌కు జ్ఞాపకం ఉంది. 101 చేరితే అవుట్. అంటే మొదట్లోనే ఐదుసార్లు డ్రాప్ అయినా 100తో బతికే ఉంటారు. 80 దగ్గరున్నవాడికి ఇంకొక్క డ్రాప్ మిగులుంటుంది. 81 దగ్గరున్నవాడికి ఒక్కటీ ఉండదు. ఒకే ఒక్క పాయింటు తేడాతో మనిషి స్వభావమే మారిపోతుంది. అప్పటిదాకా పిరికిగా ఆడినవాడు అక్కణ్ణించి ప్రతి చెత్త చెయ్యీ ఆడి తీరాలి. అది తెలిసిన పక్కవాళ్ళు అతన్ని బట్టి ముక్కలు కొడతారు. 201లో డ్రాప్ 25, కాబట్టి ఎనిమిది డ్రాపులు పడతాయి. కథ పెద్దది, పాత్రలు నెమ్మదిగా బయటపడతాయి. అవే 13 ముక్కలు పాయింట్స్‌లో పారేయాల్సినవైతే, పూల్‌లో ప్రాణం పెట్టి ఆడాల్సినవి కావచ్చు. ‘రమ్మీ’ అని ఒకే పేరుతో పిలుస్తున్నాం గానీ ఇవి వేర్వేరు ఆటలు.

మా పెదనాన్న విశాఖ ఉక్కులో పనిచేశాడు. ఉక్కునగరం క్వార్టర్లో ఆయనా, స్నేహితులూ ఆడింది ఎప్పుడూ 201 పూలే. సీ షిఫ్టుకు వెళ్ళేవాళ్ళుంటే బస్సుకు అరగంట ముందు కొత్త పంపకం ఉండకూడదన్నది ఇంటి రూలు. దాన్ని పెట్టింది దొడ్డమ్మ. డబ్బులు పైసల లెక్కన ఉండేవి, గెలిచినవాడి డబ్బులు చాలావరకు టీకి, పకోడీలకే పోయేవి. ‘ముక్కలు బాగోకపోతే స్కూటెట్టీ. ముక్కలకి మనమీద పగేటి?’ అనేవాడు ఆయన. స్కూటంటే డ్రాప్. ఈ బల్లకు కూడా ఒక ఫార్మాట్ ఉందని, దాన్ని రాసింది షిఫ్టు టైములు, పక్కింటివాళ్ళ మొహమాటం, దొడ్డమ్మ గొంతు అని నాకు చాలా తర్వాత అర్థమైంది. ఎవరైనా వరసగా ఓడుతుంటే పేక కట్టేసేవారు. రేపు మళ్ళీ అతనితోనే ఫర్నేసు దగ్గర పని చెయ్యాలి మరి.

2018లో ఆయన రిటైరయ్యాడు. తర్వాత ఫోన్లో పాయింట్స్ రమ్మీ మొదలుపెట్టి రెండేళ్ళు ఆడాడు. అలవాటు ప్రకారం డైరీలో లెక్క రాసుకున్నాడు. ఆ డైరీ నేను చూశాను. గెలిచిన ఆటలు ఓడినవాటికన్నా కాస్త ఎక్కువే ఉన్నాయి. ప్రతి పేజీ కింద మొత్తం మాత్రం మైనస్‌లో ఉంది. ఆయన చెడ్డ ఆటగాడు కాదు. నైపుణ్యం ఉంది, డబ్బు లేదు. ఈ రెండూ ఒకే డైరీలో ఎలా నిజమయ్యాయన్నది నన్ను ఆ తీర్పు దగ్గరికి తీసుకెళ్ళింది.

1963లో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పును రిపోర్టుల్లో అచ్చయిన ఏడాదిని బట్టి 1968 సత్యనారాయణ కేసు అంటారు. అందులో మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేదని, రమ్మీ అలాంటిది కాదని ఆయన తేల్చాడు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ఇందులో నైపుణ్యానిదే పైచేయి అన్నాడు. పంపకంలో ఉండే అదృష్టం బ్రిడ్జ్‌లో ఉన్నలాంటిదే అన్నాడు. ఆట తెలిసిన మనిషి రాసినట్టుండే వాక్యాలవి.

ఆ తర్వాత అరవై ఏళ్ళకు దగ్గరగా అందరూ చెప్పుకున్నది ఈ సగమే. రెండో సగం కూడా ఉంది. వేరే రూపంలో జూదం నడుస్తోందని రుజువైతేనో, పందేలతో ఆడే ఆట మీద ఇంటి యజమానో క్లబ్బో లాభం చేసుకుంటున్నట్టు తేలితేనో నేరం కిందకు రావచ్చని అదే తీర్పు చెప్తుంది. ఆ క్లబ్బు ముక్కలకూ కుర్చీలకూ కొంత వసూలు చేసేది. అది మితిమీరింది కాదు కాబట్టి లాభం కిందకు రాదని కోర్టు చూసింది. అంటే హిదయతుల్లా రెండు ప్రశ్నలు అడిగాడు: ఆటలో ఏముంది? బల్ల ఎవరిది? మొదటి ప్రశ్నకు జవాబు దొరకగానే మనం పుస్తకం మూసేశాం.

పెదనాన్న డైరీకి జవాబు రెండో ప్రశ్నలో ఉంది. సమానమైన ఇద్దరు ఆటగాళ్ళు ఉత్తి బల్ల మీద వెయ్యి ఆటలాడితే ఇంచుమించు సమానంగానే లేస్తారు. ప్రతి గెలుపులోంచీ బల్ల యజమాని కొంత తీసుకుంటే ఇద్దరూ ఓడి లేస్తారు. కాస్త మెరుగైనవాడు కూడా ఆ కోతను మించేంత మెరుగైతేనే గెలుస్తాడు. నైపుణ్యం ఉందన్నది నిజమే గానీ ఆ నిజం మనిషిని కాపాడదు. పైగా కోత ఆటకు ఇంత అని పడుతుంది కాబట్టి ఆట ఎంత త్వరగా ముగిస్తే యజమానికి అంత మేలు. 201 పూల్ లాంటి తీరికైన కథ కన్నా, జ్ఞాపకం లేని పాయింట్స్ బల్ల లాభం. ఇంకో విచిత్రం ఉంది. చాలా యాప్‌లు పడిన ముక్కల జాబితాను తామే తెర మీద చూపించేవి. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడమే కదా కోర్టు చెప్పిన మొదటి నైపుణ్యం! దాన్ని యంత్రమే అందరి తరఫునా చేసిపెట్టింది. తీర్పును అడ్డం పెట్టుకున్న ఆట తీర్పులో వర్ణించిన ఆటలా లేదు.

మేజిక్ కంపెనీ పుణ్యాత్ముల సంఘమేం కాదు. పాకెట్ విప్పేదాకా లోపల ఏ ముక్కలున్నాయో తెలీదు, కొన్నవాడి అదృష్టం. కొత్తవి అమ్ముడవ్వాలంటే పాతవాటికన్నా బలంగా ఉండాలన్న ఒత్తిడీ ఉంటుంది. కానీ అక్కడ ఫార్మాట్‌కు రచయిత ఉన్నాడు, ఆట పాడైతే తిట్టడానికి ఒక చిరునామా ఉంది. ఉక్కునగరం బల్లకు దొడ్డమ్మ ఉంది. ఫోన్లో రమ్మీకి కూడా రచయిత ఉన్నాడు, అయితే ఆయన తనది రచన కాదన్నాడు. ఇది మీ తాతల నాటి ఆటే, మేం బల్ల మాత్రమే వేశాం అన్నాడు.

ప్రభుత్వాలు దీన్ని వేరే రకంగా చదివాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవాళ్ళ వార్తలు చదివినవాడిగా దీన్ని తప్పనలేను. అయితే విమర్శగా చూస్తే ఇది సరైన ముగింపుకు తప్పు దారిలో వెళ్ళిన చదువు. ‘ఏ ఆటైనా ఒకటే’ అనేసరికి 201 పూల్‌కు, నిమిషాల్లో ముగిసే పాయింట్స్ బల్లకు తేడా చెప్పే భాష మనకు లేకుండా పోతుంది. ఆ భాష లేకపోతే రేపు ఇదే కోత వేరే ఆట వేషంలో వస్తే గుర్తుపట్టలేం. ఈసారి దాన్ని రమ్మీ అనకపోవచ్చు, పందెం అని కూడా అనకపోవచ్చు.

ఒక ఆట మంచిదా చెడ్డదా అని నన్నడిగితే ఇప్పుడు నేను మూడు సంగతులు చూస్తాను. పోయినవాడికి ఆగడానికి చోటుందా? పక్కవాడి మొహం కనిపిస్తోందా? ఆట ముగిస్తే ఎవరికి నష్టం? మూడోదానికి జవాబు బల్ల వేసినవాడే అయితే, చేతిలో నాలుగు జోకర్లున్నా సరే, స్కూటెట్టేయడమే.