137.5 కిలోల పొగరు

2000 సెప్టెంబరు 19, సిడ్నీ. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌కు చోటు దొరకడం ఆ ఏడాదే మొదలు. 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 ఎత్తింది. ఇంకొక్క ప్రయత్నం మిగిలింది. చైనా, హంగరీ లిఫ్టర్ల మొత్తం చివరికి చెరో 242.5గా తేలింది. అంటే మల్లీశ్వరి 132.5 ఎత్తితే వాళ్లతో సమానమయ్యేది. కానీ బార్‌కు ఎక్కించినది 137.5. లెక్క వేసింది ఎవరైనా, బార్ దగ్గరకు నడిచింది ఆమె. బరువు లేవలేదు. మొత్తం 240తో కాంస్యం. భారతీయ మహిళకు దక్కిన తొలి ఒలింపిక్ పతకం అది.

సిడ్నీకి ముందు పత్రికలు ఆమెను ఏమన్నాయో కూడా గుర్తు చేసుకోవాలి. ఒళ్లు పెరిగిందన్నారు, పని అయిపోయిందన్నారు. 54 కిలోల విభాగంలో 1994లో, 1995లో ప్రపంచ చాంపియన్ అయిన మనిషిని పట్టుకుని! ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట పిల్లకు ఆ మాటలు ఎక్కడ తగిలి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

జపాన్‌లో మాంగా, అంటే బొమ్మల కథలు గీసే రచయిత చేతికి చిక్కితే ఆ ఆఖరి ఏడున్నర కిలోలకే నలభై పేజీలు గీసేవాడు. మన దగ్గర అది పేపర్లో ఒక వాక్యం.

తేడా పేజీలలోనే లేదు. పొగరుబోతు పాత్ర కనిపిస్తే మనవాళ్లకు తోచే దారి ఒక్కటే: గర్వభంగం. సత్యభామ నుంచి గరుత్మంతుడి వరకు ఎవరైనా సరే, ఓడాలి, తల వంచాలి, కథ కంచికి పోవాలి. మంచి స్పోర్ట్స్ మాంగా పొగరును విరవదు. దాన్ని ఒకచోటి నుంచి తీసి మరోచోట పెడుతుంది.

హరుయిచి ఫురుదాతె గీసిన ‘హైక్యూ’ సంగతి చూడండి. 2012 నుంచి 2020 వరకు సాగిన వాలీబాల్ కథ. ఫోన్లో యానిమే చూసే సాలూరు కుర్రాళ్లకు కూడా కగెయామా పేరు పరిచయమే కావచ్చు. అతను సెట్టర్, అంటే కొట్టేవాళ్లకు బంతి లేపి అందించేవాడు. బంతి ఎంత కచ్చితంగా లేపుతాడంటే, దాన్ని అందుకోలేకపోవడం జట్టువాళ్ల తప్పనుకుంటాడు. ఒక మ్యాచ్‌లో బంతి లేపి చూస్తే కొట్టడానికి ఎవరూ రాలేదు. ‘కోర్టుకు రాజు’ అని తోటివాళ్లు పెట్టిన పేరు వెక్కిరింపు. హైస్కూల్లో కొత్త జట్టుతో నెమ్మదిగా దారికొచ్చాడు, ఎవరికెలాంటి బంతి కావాలో అడగడం నేర్చుకున్నాడు.

మన రచయిత అయితే అక్కడ శుభం కార్డు వేసేవాడు. ఫురుదాతె ఇంకా ముందుకెళ్లాడు. మంచితనం ఎక్కువై, కగెయామా అడగాల్సినది అడగలేకపోతున్నాడు. ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో నోరు జారి అరిచి, మళ్లీ అందరూ వదిలేస్తారేమోనని బిక్కచచ్చిపోతాడు. అప్పుడు జట్టులోని హినాటా తువ్వాలును కిరీటంలా చేసి అతని తలమీద పెడతాడు. రాజువైతే తప్పేంటి, నచ్చకపోతే మేం వినం, అంతే కదా అన్న ధోరణి వాడిది. అహం తగ్గించుకున్నవాడికి దాన్ని తోటివాడే తిరిగి ఇవ్వడం! ఈ కాలమ్ రాస్తున్న మనిషికి క్రీడా కథల్లో ఇంతకన్నా నచ్చిన ఘట్టం లేదు.

తకెహికో ఇనొయె ‘స్లామ్ డంక్’లో సకురాగి అనే కుర్రాడి పొగరు ఇంకో రకం. బాస్కెట్‌బాల్ రాకముందే తాను మేధావినని చాటుకుంటాడు. కైనాన్ జట్టుతో మ్యాచ్ ఆఖరి క్షణంలో బంతిని పొరపాటున ప్రత్యర్థికే అందించి, ఆ తర్వాత గుండు కొట్టించుకుని వస్తాడు. నోరు మాత్రం మూయడు. తర్వాత జాతీయ పోటీలకు ముందు వారంలో 20,000 షాట్లు వేస్తాడు. గొప్పలు అవే, వాటి కింద ఇప్పుడు పని చేరింది.

మరి మన వీరుల కథలు మనం ఎలా చెప్పుకుంటున్నాం? సాలూరున్న పార్వతీపురం మన్యం జిల్లాలోనే వీరఘట్టం ఉంది, కోడి రామ్మూర్తి నాయుడి ఊరు. కలియుగ భీముడన్నాం, విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం పెట్టాం. ఏనుగును రొమ్ము మీద ఎక్కించుకున్నాడనీ, గొలుసులు తెంచాడనీ ఘనకార్యాల చిట్టా తరతరాలుగా అప్పజెబుతున్నాం. ఆయనకు పౌరుషం ఎక్కడ పుట్టిందో, ఎవరు చిన్నచూపు చూస్తే రగిలిందో ఆ చిట్టాలో కనపడదు. విగ్రహానికి ఎదుగుదల ఉండదు కదా.

సరుకు లేదనడానికి వీల్లేదు. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరకడంతో కాంస్యం రజతమైంది. వేదిక మీద అందుకున్నది ఒకటి, చేతికి వచ్చింది ఇంకొకటి. ఏ మాంగా రచయితైనా లాటరీ తగిలినట్టు ఎగిరి గంతేసే కథ ఇది.

ఉత్తరాంధ్రలో బొమ్మలు గీసేవాళ్లు, కథలు రాసేవాళ్లు తక్కువేం లేరు. ఒకసారి కొండవెలగాడ వెళ్లండి. పతకాల జాబితా ఎలాగూ ఎక్కడైనా దొరుకుతుంది. ఎవరి మీద పంతంతో బార్ పట్టారో అడిగి రాసుకురండి.