స్పెషాలిటీ నర్సు కావాలంటే

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల కోర్సు. అందులో స్పెషాలిటీలు ఉండవు. ఐసీయూలో చేరాలనుకున్నా, కాన్పుల వార్డుకు వెళ్లాలనుకున్నా మొదట అందరూ చదివేది ఇదే. ఇంటర్‌లో బైపీసీ ఉంటే తెలంగాణలో కాళోజీ హెల్త్ వర్సిటీ ద్వారా సీటు కోసం ప్రయత్నించవచ్చు. బైపీసీ లేనివారికి మూడేళ్ల జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ (జీఎన్‌ఎం) ఉంది. ఆపై రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేస్తే డిగ్రీ చేతికొస్తుంది. ఏడాది ఆలస్యమే తప్ప నష్టమేమీ లేదు.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల కాలేజీ వెతుక్కునేవారు ముందుగా దానికి అనుబంధంగా ఉన్న ఆసుపత్రిని చూడాలి. ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులుండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. ఘన్‌పూర్‌లోని మెడిసిటీ లాంటి బోధనాసుపత్రి దగ్గరలో ఉండటం ఈ ప్రాంతానికి కలిసొచ్చింది. ఆసుపత్రి ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ చూడండి. కిలో బరువైనా లేని పసికందుకు గంటకు మూడు నాలుగు మిల్లీలీటర్ల ద్రవం సిరంజి పంపుతో ఎక్కుతుంటుంది. పంపు మీది అంకెతో పాటు బిడ్డ ఒంటి రంగు, ఊపిరి, సూది గుచ్చిన చోట వాపు కనిపెడుతూ ఉండాలి. ఈ చూపు రోగులున్న వార్డులోనే అలవడుతుంది.

ఆ తర్వాతే స్పెషాలిటీ. క్రిటికల్ కేర్, ఆంకాలజీ, నవజాత శిశు సంరక్షణ వంటి వాటిలో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలున్నాయి. బోధన వైపు వెళ్లేవారికి రెండేళ్ల ఎమ్మెస్సీ మేలు. దానికి బీఎస్సీలో 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం కావాలి. ఐసీయూలో పనిచేస్తూ చదివే రెండేళ్ల క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు కూడా ఉంది.

తెలంగాణకు మరీ అవసరమైన స్పెషాలిటీ మిడ్‌వైఫరీ, అంటే కాన్పులు చేసే నర్సింగ్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలోని కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లేనని తేలింది. సహజ కాన్పు కోసం గర్భిణికి గంటల తరబడి తోడుండి ధైర్యం చెప్పే మనిషి లేకపోవడం ఇందుకు ఒక కారణం. 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్ తోడ్పాటుతో రాష్ట్ర ప్రభుత్వం కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది చివర కేంద్రం కూడా మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు తెచ్చింది. ఇంత అవసరమున్న ఈ దారిని డిగ్రీ ఎంచుకునే రోజునే ఆలోచనలో పెట్టుకోవడం మంచిది.

డిప్లొమాలకైనా పని అనుభవం అడుగుతారు కాబట్టి, డిగ్రీ తర్వాతి మొదటి ఉద్యోగాన్ని జీతం ఒక్కటే చూసి ఒప్పుకోకూడదు. నచ్చిన వార్డులో డ్యూటీ దొరికే చోటే చేరాలి. అంతకంటే ముందు, ఫీజు కట్టే రోజునే తల్లిదండ్రులు కాలేజీని ఒక మాట అడగాలి: పిల్లలకు ఏ ఆసుపత్రిలో, ఏ వార్డుల్లో, ఎన్ని వారాలు పోస్టింగ్ ఇస్తారు? జవాబు కాగితం మీద రాసిస్తేనే చేర్పించండి.