వంశచరిత్ర రచనలో ఇనాము రిజిస్టర్ల ప్రామాణ్యము

వంశచరిత్రలు వ్రాయువారు ఇనాము రిజిస్టరులో పూర్వుల పేరు కనిపించినంతనే దానిని నిర్వివాద ప్రమాణముగా గ్రహించుట పరిపాటి యైనది. ఇది విచారింపదగిన పద్ధతి.

మద్రాసు రాజధానిలో ఇనాము కమిషను 1858లో ఏర్పడినది. ఆ రిజిస్టర్లలో మాన్యపు వైశాల్యము, దాత, తొలి ప్రతిగ్రహీత, నాటి అనుభవదారు, అతని వయస్సు మొదలగునవి వేర్వేరు గడులలో కలవు. గ్రామస్థుల వివరము లింత క్రమముగా లభించుట అరుదు. అయినను ఆ గడులు నిండినది చరిత్ర కొఱకు గాక, హక్కును పరిశీలించి పన్ను నిర్ణయించుట కొఱకు. కావున అందలి వంశక్రమము మొదట హక్కుదారుని వాదము. సనదు గాని, కరణముల కవిలె గాని, శాసనము గాని సమర్థించినప్పుడే అది సాక్ష్యమగును.

మాన్యము లేనివారికి ఆ రిజిస్టరులో చోటు లేకపోవుట మరియొక లోపము. అట్టివారిలో కొందరి జాడ సముద్రమున కావల దొరకుచున్నది. 1860 నుండి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాలునకు ఒప్పందపు కూలీలుగా వెళ్లినవారి ఓడ పట్టికలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము నమోదైనవి. వారిలో విశాఖపట్టణము, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువారును కలరు. ఆంగ్ల లిపిలో ఊరిపేరులు వికృతి నొందినచోట తాలూకాలోని గ్రామనామములతో పోల్చి నిర్ణయింపవలెను.

ఈ పట్టికయు కూలి ఒడంబడిక కొఱకు పుట్టినదే. దీనికిని పరీక్ష అవసరము. ఐనను రిజిస్టరు నొక్కదానినే నమ్మి, ఒక గ్రామమున ఎవరుండిరో, ఎవరు లేరో చెప్పుట న్యాయము కాదు.